ముహూర్తం రాత్రి 2.14కి

చెప్పులు గుమ్మం పక్కన విడిచి లోపలికి రండి. కాస్త నెమ్మదిగా, పాప ఇంకా లేవలేదు. రాజమహేంద్రవరంలో మే నెల మూడో వారం. ఉదయం 5.30కే గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతోంది. వీధిలో పాలబ్బాయి మోపెడ్ ఆగి మళ్ళీ కదిలింది. వంటింట్లో లైటు వెలిగింది. టీచరమ్మ లేచింది.

ఆమె పేరుతో మనకు పని లేదు. వీధిలో అందరూ పిలిచినట్టే టీచరమ్మ అందాం. ముప్పై ఆరేళ్ళు ఉంటాయి. దగ్గర్లోని పల్లెలో జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతిక రసాయన శాస్త్రాలు చెబుతుంది. బి.ఇడి. చదివే రోజుల నుంచి ఆమెకు బైపోలార్ ఉంది. మనసు కొన్నాళ్ళు పట్టపగ్గాల్లేకుండా పైకి లేచిపోవడం, కొన్నాళ్ళు మంచం మీంచి లేవలేనంతగా కుంగిపోవడం, మధ్యలో మీలా నాలా మామూలుగా ఉండడం. ఈ మధ్య కాలాన్ని ఎలా పొడిగించుకోవాలన్నదే ఆ ఇంటి సంసారంలో సగం.

ఆమె ఏం చేస్తోందో చూడండి. కాఫీ డికాషన్ దిగేలోపు ఫ్రిజ్ మీది డైరీ తీసింది. రాత్రి పడుకున్నది 10.10, లేచింది 5.30. పక్కన ఒక అంకె వేసింది. సున్నా అంటే మామూలు. పైకి మూడు మెట్లు ప్లస్, కిందకి మూడు మెట్లు మైనస్. ఇవాళ సున్నా. దాని కింద గడి ఖాళీగా ఉంచింది. అది ఆమె భర్తది. సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చాక ఆయన తనకు కనిపించిన అంకె వేస్తాడు. ఒకరిది చూసి ఒకరు వెయ్యకూడదు. అట్ట లోపలి వైపు డాక్టరు గారి నంబరు, దాని కింద 14416 రాసి ఉంది. టెలీ మానస్ నంబరది. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ లైనుకు ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

సెలవులంటే ఊరంతటికీ హాయి, టీచరమ్మకు గుబులు. బడి ఉన్నన్నాళ్ళూ రోజును గంట మోసుకుపోతుంది. ప్రార్థన, మొదటి పీరియడు, మధ్యాహ్న భోజనం, సాయంత్రం బస్సు. ఏప్రిల్ చివర ఆ గంట ఆగిపోతే రోజుకు అంచులు ఉండవు. పిల్లలు పదకొండు దాకా సినిమాలు చూస్తారు, చుట్టాలు వస్తారు, మిద్దె మీద కబుర్లు అర్ధరాత్రి దాటుతాయి. మామూలు ఒంటికి అది సరదా. బైపోలార్ ఉన్న ఒంట్లో లోపలి గడియారం చాలా తేలిగ్గా పట్టు తప్పుతుంది. మనసు పైకి లేస్తే నిద్ర తగ్గిపోతుందని అందరికీ తెలుసు. నిద్ర పోగొట్టుకుంటే ఆ కారణంగానే మనసు పైకి లేవొచ్చన్న సంగతి చాలా ఇళ్ళల్లో ఎవరూ చెప్పరు.

అందుకే సెలవుల్లో ఆమె గంట ఆమే కొట్టుకుంటుంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలెన్ ఫ్రాంక్, ఆమె సహచరులు దీన్నొక చికిత్సగానే తీర్చిదిద్దారు. రోజులో ఐదు వేళలు గట్టిగా పట్టుకోమంటారు: మంచం దిగే వేళ, మొదటి మనిషితో మాట్లాడే వేళ, పని మొదలుపెట్టే వేళ, రాత్రి భోజనం, పడక. టీచరమ్మకు మొదటి మనిషి పూలమ్మి. ఆరింటికి గేటు దగ్గరకొస్తుంది. అదిగో, వచ్చింది.

“మల్లెలు తగ్గాయమ్మా. పెళ్ళిళ్ళకి అన్నీ ఎత్తుకుపోతున్నారు. మీ ఇంట్లోనూ పెళ్ళంట గదా?”

“ఆ, మా చెల్లెలిది. వచ్చే గురువారం.”

“ముహూర్తం ఎన్నింటికి?”

టీచరమ్మ మూరలు లెక్కపెట్టి డబ్బులిచ్చింది. “రాత్రి 2.14.”

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు విన్నారు కదా. అక్కడే ఉంది గొడవంతా.

తెలుగింటి పెళ్ళికి అర్ధరాత్రి ముహూర్తం కొత్త కాదు. బంధువుల్లో ఒకరిగా వెళ్తే పదింటికి అక్షింతలు వేసి, ఓ పక్కన నడుం వాల్చొచ్చు. కానీ టీచరమ్మ నాన్నగారు కరోనా రెండో విడతలో పోయారు. అన్నదమ్ములు లేరు. పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యాల్సింది పెద్దకూతురు, పెద్దల్లుడు. రెండు రోజుల తర్వాత పగలు 9.46కి ఇంకో లగ్నం ఉందని పురోహితుడు గారు చెప్పారు. మగపెళ్ళివారు హాలు మాట్లాడేసుకున్నారు. మార్చమని అడగాలంటే కారణం చెప్పాలి.

“చెప్పొద్దమ్మా,” అంది వాళ్ళమ్మ, శుభలేఖల అంచులకు పసుపు రాస్తూ. “అక్కకి మెంటలంట అని ఒక్కరంటే చాలు. చిన్నదాని బతుకేం కావాలి? ఒక్క రాత్రే కదా!”

ఆ తల్లిని తప్పుపట్టడం నా వల్ల కాదు. పెళ్ళి మాటల్లో వంశం, ఆస్తి అడిగినట్టే ఇంట్లో ఎవరికైనా మతి చెడిందా అని అడిగే లోకం మనది. ఆ భయంలో కొంత నిజమూ ఉంది. బైపోలార్ కుటుంబాల్లో నడుస్తుంది. కానీ ఆ నిజాన్ని పూర్తిగా చెప్పేవాళ్ళే లేరు. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే, తక్కినవాళ్ళకు వచ్చే అవకాశం నూటికి 5 నుంచి 10 దాకా అంటారు. అంటే నూటికి తొంభై మందికి రాదు. వచ్చినా మందుంది. ఈ రెండు వాక్యాలు పెళ్ళిచూపుల దాకా ఎప్పటికి చేరతాయో.

“ఒక్క రాత్రే కదా” అన్న మాట టీచరమ్మకు ఎందుకంత బరువో తెలియాలంటే ఆమె బి.ఇడి. హాస్టలు మిద్దె మీదకు రావాలి. తెల్లవారుజామున మూడవుతోంది. ఆమె సుద్దముక్కతో పిట్టగోడ పొడుగునా సూత్రాలు రాస్తోంది. అలసట లేదు. పది రోజులుగా రాత్రికి రెండు గంటలకు మించి పడుకోలేదు, అయినా ఒళ్ళు దూదిలా ఉంది. రంగులు మెరుస్తున్నాయి. ప్రతి ఆలోచనా ఇంకో ఆలోచనకు చెయ్యందిస్తోంది. ఫీజు కట్టమని నాన్న పంపిన డబ్బుతో హాస్టలు పిల్లలందరికీ పుస్తకాలు కొనేసింది. లెక్చరరు గారికి నాలుగింటికి ఫోన్ చేసి పాఠ్యపుస్తకాలన్నీ తిరగరాస్తున్నానని చెప్పింది. ఆ వారాంతానికి, విద్యాశాఖ నుంచి తన కోసం కారొస్తుందని పెట్టె సర్దుకుని గేటు దగ్గర నిలబడింది. వద్దని చెయ్యి పట్టుకున్న స్నేహితురాలిని కొట్టింది.

గాలి సోకిందంది మేనత్త. తాయెత్తు కట్టించారు. కొన్ని వారాలకు ఆ వెలుగంతా ఆరిపోయి, ఆమె వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. తల దువ్వుకోవాలంటే దువ్వెన ఎత్తలేకపోయింది. అప్పుడు ఒక డాక్టరుకు చూపించారు. పిల్ల ఏడుస్తోందండీ, తినడం లేదండీ అన్నారు ఇంట్లోవాళ్ళు. మిద్దె మీది రాత్రుల సంగతి చెప్పలేదు. హుషారుగా ఉండడం జబ్బని ఎవరనుకుంటారు? కుంగుబాటుకు మాత్రమే మందిచ్చారు. బైపోలార్ ఉన్నవాళ్ళకు ఆ మాత్రలొక్కటే ఇస్తే మనసును కిందనుంచి లేపి పై అంచు కూడా దాటించే ప్రమాదముంది. దాటించింది. ఈసారి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. అక్కడ ఇంకో డాక్టరు గారు వాళ్ళమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఈ ఏడుపుకు ముందు అమ్మాయి ఎలా ఉండేదో చెప్పండి” అని అడిగారు. ఆ ప్రశ్నతో జబ్బుకు పేరు దొరికింది. లిథియం మొదలైంది.

ఆ మందు సంగతి ఆమె తరగతి గదిలో వినాలి. ఏళ్ళ తరబడి పదో తరగతికి చెప్పిన పాఠం: డాబరీనర్ త్రికం. బోర్డు మీద పైనుంచి కిందకి లిథియం, సోడియం, పొటాషియం. పరమాణు భారాలు 7, 23, 39. మొదటిదీ మూడోదీ కలిపి సగం చేస్తే మధ్యది వస్తుంది. ఒకే కుటుంబం, ఒకేలాంటి గుణాలు. పిల్లలు నోటుపుస్తకాల్లో ఎక్కించుకుంటారు. ఆ గదిలో ఎవరి రక్తంలో ఆ మొదటి మూలకం తిరుగుతోందో ఒక్క మనిషికే తెలుసు.

ఈ చుట్టరికమే ఆమె పళ్ళెం దాకా వస్తుంది. లిథియాన్ని మూత్రపిండాలు సోడియంతో పాటే చూస్తాయి. ఒంట్లో ఉప్పు, నీళ్ళు తగ్గితే సోడియాన్ని వెనక్కి పట్టుకునే తొందరలో లిథియాన్ని కూడా పట్టేసుకుంటాయి. రక్తంలో మందు పెరిగిపోతుంది. దీనికి సరిపడే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. మామూలు రోజుల్లో లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండేలా చూస్తారు. 1.5 దాటితే ప్రమాదం: చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాదానికి లిథియం లవణం పనిచేస్తుందని 1949లో రాశాడు. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో దాన్ని పరీక్షలతో నిలబెట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా బైపోలార్‌కు ముందువరసలో ఉన్న మందు ఇదే. ఆత్మహత్యల ముప్పు తగ్గించడంలో దీనికున్నంత రుజువు ఈ జబ్బుకిచ్చే ఇంకో మందుకు లేదు. అంత మేలు చేసే మందును గోదావరి ఎండల్లో వాడుకోవాలంటే నీళ్ళ సీసా ఎప్పుడూ చేతిలో ఉండాలి. మోకాలు నొప్పి అంటే మందుల షాపతను డైక్లోఫెనాక్ చేతిలో పెడతాడు. అలాంటి నొప్పి మాత్రలు కూడా లిథియాన్ని పెంచేస్తాయి. టీచరమ్మ పారాసెటమాల్ అడిగి తెచ్చుకుంటుంది.

పెళ్ళికి వారం ముందు ఆమెతోపాటు ల్యాబ్‌కు నడవండి. ఉదయం సరిగ్గా 9 గంటలు. రాత్రి మాత్ర 9కి వేసుకుంది కాబట్టి పన్నెండు గంటలకు రక్తం ఇవ్వాలి. ముందూ వెనకా అయితే అంకెకు అర్థం మారిపోతుంది. లిథియంతో పాటు థైరాయిడ్, క్రియాటినిన్ కూడా. సాయంత్రం రిపోర్టు: 0.7. దాన్ని పట్టుకుని ఇద్దరూ డాక్టరు గారి ఎదుట కూర్చున్నారు. ముహూర్తం వేళ విని ఆయన కాసేపు పెన్ను తిప్పారు.

“కన్యాదానం మీరే చెయ్యాలంటున్నారు. చెయ్యండి. ఒక రాత్రి నిద్ర లేకపోతే సర్దుకోవచ్చు. రెండో రాత్రి మాత్రం నాకు కావాలి. ఆ రాత్రి ఎవరొచ్చినా, ఎవరేమన్నా పదింటికి పడుకోవాలి.” తర్వాత భర్త వైపు తిరిగారు. “మూడో రోజు పొద్దున నాకు ఫోన్ చేసేది మీరు.”

లిథియం వేళ మార్చవద్దన్నారు. నిద్ర కోసం ఇచ్చే మాత్ర ఆ ఒక్క రాత్రికి పెళ్ళయ్యాక వేసుకోమన్నారు. ఇది ఆమె రక్తం చూసి, ఆమె చరిత్ర తెలిసి ఆమెకు రాసిచ్చింది. ఇంకొకరు అనుసరించేది కాదు.

గురువారం వచ్చింది. ఫంక్షన్ హాలు. కింద మామిడి తోరణాలు, అరటి పిలకలు, వంటల దగ్గర గాడిపొయ్యి సెగ. మీరు పై గదిలోకి రండి. ఇక్కడ చీకటి. కిటికీలకు దుప్పట్లు కట్టి, మధ్యాహ్నం మూడింటి నుంచి టీచరమ్మను పడుకోబెట్టాడు ఆయన. ఫోను తన జేబులో వేసుకున్నాడు. తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరితోనూ ఒకే మాట: “తలనొప్పండీ, ఏడింటికి లేస్తుంది.” పెళ్ళికూతురి బావ పెళ్ళిపనులన్నీ వదిలి తలుపు దగ్గర కూర్చోవడమేంటని వెనక గుసగుసలు. ఆయన వినలేదు. ఆ కుర్చీలో నాలుగు గంటలు కూర్చున్న మనిషిని చూస్తే నాకు ఏ మందు పేరు విన్నా కలగని ధైర్యం కలిగింది.

కన్యాదాతలు ఉపవాసం ఉండాలి. పాలు, పళ్ళు తీసుకోవచ్చు. ఎనిమిదింటికి గ్లాసుడు మజ్జిగలో ఉప్పు వేసి కలుపుతుంటే మేనత్త చూసింది.

“ఉప్పు తగిలితే ఉపవాసం ఎలా అవుతుందే?”

“బీపీ పడిపోతోంది అత్తా.”

బీపీ అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. మేనత్త కూడా వెయ్యలేదు. “ఇంకో చిటికెడు వేసుకో అయితే” అంది.

తొమ్మిదికి మాత్ర. ఆ తర్వాత కాఫీ లేదు. అసలు మధ్యాహ్నం మూడు దాటాక ఆమె కాఫీ తాగదు. పన్నెండున్నరకు పెళ్ళికూతురిని మేనమామ బుట్టలో తెచ్చాడు. వీడియో లైట్లు మొహాల మీద పడుతున్నాయి. అంత వెలుగు అర్ధరాత్రి కంట్లో పడితే మెదడు పగలనుకుంటుంది. ఆయన లైటబ్బాయి దగ్గరకు వెళ్ళి కొంచెం పక్కకు తిప్పించాడు. ఇప్పుడు పెళ్ళికొడుకు కాళ్ళు కడగాలి. టీచరమ్మ చెంబెత్తి నీళ్ళు పోస్తోంది. ఆమె వేళ్ళు చూడండి. సన్నగా వణుకుతున్నాయి. నీటిధార కూడా వణికింది. లిథియం వాడే చాలామందిలో ఉండే చిన్న వణుకది. ప్రమాదం కాదు, కానీ కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అది నాన్న గుర్తొచ్చి అనుకున్నారు. అదీ అబద్ధం కాదు.

2.14. గట్టిమేళం. జీలకర్ర బెల్లం తలల మీద పడింది, తెర దిగింది. తలంబ్రాల వేళ చెల్లి బియ్యం దోసిలితో ఎత్తి పెళ్ళికొడుకు తలమీద కుమ్మరిస్తే హాలంతా నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వింది, గట్టిగా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా. వెంటనే వాళ్ళమ్మ తల ఇటు తిరిగింది. ఆయన తల తిరిగింది. ఇద్దరి కళ్ళూ ఆమె మొహంలో ఏదో వెతికాయి. ఆమె గమనించింది. నవ్వు సగంలో ఆపేసుకుంది.

ఈ జబ్బుతో బతకడంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ క్షణమే. దుఃఖానికి లెక్క చెప్పడం ఎలాగోలా అలవాటవుతుంది. సంతోషానికి కూడా లెక్క చెప్పాలి. గట్టిగా నవ్వితే, కొత్త చీర కొంటే, పాట పాడితే, ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఇష్టంగా చేసే ఏ పనైనా జబ్బు చేయిస్తోందేమోనని ఆమే తనని తాను అనుమానించుకుంటుంది. అది రెండోసారి జబ్బు పడడమే. ఆయన ఒక క్షణం ఆగాడు. తర్వాత గుప్పెడు తలంబ్రాలు తీసి ఆమె మీద చల్లాడు. ఆమె మళ్ళీ నవ్వింది.

అప్పగింతలు ఆరింటికయ్యాయి. ఏడింటికి మాత్ర వేసుకుని చీకటి గదిలో పడుకుంది. పన్నెండింటికి లేచింది.

రెండో రాత్రి అసలు పరీక్ష. ఇంటినిండా చుట్టాలు. చదివింపుల లెక్క, ఫోటోలు, ఎవరు ఎవరితో మాట్లాడలేదన్న చర్చ. తొమ్మిదిన్నరకు టీచరమ్మ లేచి “నేను పడుకుంటాను” అంది. “ఇంతమంది ఉండగా పెద్దదానివి నువ్వెళ్ళిపోతే ఎలాగే” అంది మేనత్త. వాళ్ళమ్మ కళ్ళు దించుకుంది. టీచరమ్మ జవాబు చెప్పలేదు, వెళ్ళి పడుకుంది.

3.40కి మెలకువ వచ్చేసింది.

నిద్ర తగ్గి ఒళ్ళు బరువుగా, కళ్ళు మంటగా ఉంటే అది మామూలు నిద్రలేమి. నిద్ర తగ్గినా అలసట లేకుండా హాయిగా ఉంటే దాన్ని ఈ ఇంట్లో ఎర్రజెండాగా చూస్తారు. ఆమెకు హాయిగా ఉంది. లేచి అటక మీది పాత పుస్తకాలు దించింది. ఆరింటికి పూలమ్మితో మామూలు కన్నా చాలాసేపు మాట్లాడింది. పది గంటలకు ట్యూషన్ సెంటరు పెట్టే ఆలోచన వచ్చింది. మధ్యాహ్నానికి దానికి పేరు, బోర్డు, మూడు ఊళ్ళలో శాఖలు వచ్చేశాయి. డైరీలో ప్లస్ ఒకటి వేసింది.

సాయంత్రం ఆయన తన గడిలో ప్లస్ రెండు వేశాడు.

ఇక్కడ కాసేపు ఉండండి. ఈ జబ్బుతో కాపురమంటే ఏంటో ఈ పావుగంటలో కనిపిస్తుంది.

“రెండేంటండీ? రెండెందుకు?”

“అటక సర్దావు. పొద్దుటి నుంచి ట్యూషన్ సెంటరు గురించి ఆరుగురికి ఫోన్ చేశావు.”

“సెలవుల్లో అటక సర్దితే జబ్బా? ట్యూషన్ పెట్టాలని ఊళ్ళో ఎంతమంది అనుకోవడం లేదు?”

“మాట తొందరగా వస్తోంది.”

“మీరు అడ్డుపడుతుంటే తొందరగా రాదా? చెల్లెలి పెళ్ళి చేశాను. నాన్న లేని పెళ్ళి. సంతోషంగా ఉండే హక్కు కూడా లేదా నాకు?”

ఆయన దగ్గర దీనికి జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా లేదు. పెళ్ళి సంతోషానికీ జబ్బు తొలిమెట్టుకీ మధ్య గీత లోపలున్నవాళ్ళకు కనపడదు, బయటివాళ్ళకు సగమే కనపడుతుంది. ఆయన వాదించలేదు. డైరీ చివరి పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. అందులో ఉన్నది ఆమె దస్తూరీయే, మామూలుగా ఉన్న రోజుల్లో రాసుకున్నది. “మీరు వేసిన అంకెకూ నేను వేసిన అంకెకూ తేడా వచ్చి, నేను కోప్పడితే, నా మాట వినకండి. డాక్టరు గారికి ఫోన్ చెయ్యండి. యూపీఐ రోజు పరిమితి తగ్గించండి. పాప ముందు గట్టిగా మాట్లాడితే పాపను అమ్మ దగ్గరకు పంపండి. నన్ను పిచ్చిదానా అనొద్దు.” కింద సంతకం, తేదీ.

తనకు జబ్బు తిరగబెడితే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసుకునే హక్కు, తన తరఫున నిర్ణయాల్లో తోడుండే ప్రతినిధిని పెట్టుకునే హక్కు మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. ఇది ఆ చట్టం ప్రకారం నమోదు చేయించిన పత్రం కాదు, ఇంటి కాగితం. కానీ ఇద్దరూ దానికి కట్టుబడతారు.

ఆమె రెండుసార్లు చదివింది. ముక్కుపుటాలు అదిరాయి. “చెయ్యండి” అంది, మొహం తిప్పుకుని.

మూడో రోజు పొద్దుటి దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ కలిపాడు. డాక్టరు గారు నాలుగు ప్రశ్నలడిగి, నిద్ర మాత్రలో కొద్ది మార్పు చెప్పారు. పగలు కూడా గది చల్లగా, చీకటిగా ఉంచమన్నారు. ఫోన్లు, షాపింగు వద్దు. కొత్త నిర్ణయాలన్నీ వారం తర్వాతే. నాలుగు రోజులకు రెండు గడుల్లోనూ సున్నా పడింది. ట్యూషన్ సెంటరు కాగితాలు ఆయన చింపలేదు, కవరులో పెట్టి బీరువాలో దాచాడు. ఆ ఆలోచనలో మంచి ఉంటే అది జూన్ చివరికి కూడా మంచిగానే ఉంటుందని ఆమెతో అన్నాడు. ఆ పని నాకెంతో నచ్చింది.

పైకి వెళ్ళే మనసు గురించే ఇంతసేపు చెప్పాను. చూడ్డానికి అది రంగురంగులుగా ఉంటుంది కాబట్టి కథలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. ఆ డైరీ వెనక్కి తిప్పితే కనిపించేది వేరు. ప్లస్‌లు అక్కడక్కడ, మైనస్‌లు వరసగా, పేజీల కొద్దీ. అమెరికాలో బైపోలార్ ఉన్న 146 మందిని దాదాపు పదమూడేళ్ళు గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది: వాళ్ళు కుంగుబాటులో గడిపిన వారాలు, ఉత్సాహం హద్దుమీరిన వారాలకు మూడు రెట్లకు పైనే. ఆ పేజీల్లో అక్షరాలు చిన్నవైపోతాయి. ఒకచోట “స్నానం చేశాను” అని మాత్రమే ఉంది. ఇంకోచోట “పాప జడ వేశాను”. ఆ రోజుల్లో ఆయన పెద్ద మాటలేవీ చెప్పడు. ధైర్యంగా ఉండు, మనసు గట్టి చేసుకో అనడు. కాళ్ళ దగ్గర కూర్చుని, “గేటు దాకా నడుద్దాం, పూలమ్మి వచ్చింది” అంటాడు. ఆ మొదటి మాట, ఆ ఆరు గంటల వేళ తప్పిపోకుండా చూస్తాడు. చనిపోవాలన్న మాట ఆమె నోట వస్తే దాన్ని దాటవెయ్యకుండా ఎదురుగా అడుగుతాడు, అదే రోజు డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్తాడు. పెళ్ళి సద్దు అణిగాక ఈసారి కూడా మైనస్ ఒకటి వచ్చింది. రెండు దాకా పోలేదు.

జూన్ మొదటి వారం. మామిడికాయ ముక్కలు ఎండలో ఆరుతున్నాయి. టీచరమ్మ బడి తెరిచే రోజుకు పాఠ ప్రణాళిక రాసుకుంటోంది. ఫోన్ మోగింది. కాకినాడ నుంచి కొత్త మరిది.

“వదినా, అన్నవరం వ్రతానికి ఆదివారం అనుకున్నాం. తెల్లవారుజామున మూడింటికే బయలుదేరాలంటోంది మా అమ్మ. నేను కాదన్నాను. ఆరున్నరకి మీ ఇంటికి కారు తెస్తాను, చాలా?”

టీచరమ్మ పెన్ను కింద పెట్టింది. “చెల్లి చెప్పిందా మీకు?”

“నిశ్చితార్థానికి ముందే చెప్పింది వదినా. మందు వాడుతున్నారా అని అడిగాను. మానకుండా వాడుతుందంది. ఇంక నేను అడగడానికేం లేదు.” కాస్త ఆగాడు. “మా అమ్మకి మాత్రం తెలీదు. ముహూర్తం మార్చమని అప్పుడే అడిగితే బాగుండేదని తర్వాత అనిపించింది. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.”

అవతల గదిలో వాళ్ళమ్మ తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దని చేత్తో సైగ చేస్తోంది. టీచరమ్మ ఆమెనే చూస్తూ ఫోన్‌లో అంది:

“ఆరున్నరకి రండి. రాత్రి ఏడున్నరకల్లా నేను ఇంట్లో ఉండాలి. వ్రతమయ్యాక మీ అమ్మగారి పక్కన కూర్చోబెట్టండి నన్ను. నేనే చెబుతాను.”